లేచే బొమ్మల పుస్తకం: బడిలో, గ్రంథాలయంలో పిల్లల తయారీ శిబిరాలు

పుట తెరవగానే కాగితపు బొమ్మ దానంతటదే లేచి నిలబడే పుస్తకాన్ని పాప్‌అప్ పుస్తకం అంటారు. రెక్క ఎత్తి చూసే బొమ్మలు, పట్టీ లాగితే కదిలే బొమ్మలు, చక్రం తిప్పితే మారే బొమ్మలు ఉన్న పుస్తకాలు కూడా ఈ కుటుంబానివే. అచ్చు వేసి అమ్మే పాప్‌అప్ పుస్తకం ధర మామూలు బొమ్మల పుస్తకం కన్నా చాలా ఎక్కువ. దాన్ని నిలబెట్టే మడతలు మాత్రం కొన్నే. కాగితం, కత్తెర, జిగురు ఉంటే మూడో తరగతి పిల్లలు ఒక్క పూటలో వాటిలో రెండు మూడు నేర్చుకోగలరు. ఆ మడతలు నేర్పి, వాటి చుట్టూ పిల్లల చేతే కథ రాయించి, బొమ్మలు వేయించి, అట్ట వేసిన పుస్తకంగా పూర్తి చేయించేదే పాప్‌అప్ పుస్తక తయారీ శిబిరం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు ఈ పని బాగా ఒప్పుతుంది. ఏటా వేసవిలో పిల్లల్ని పోగుచేసే పౌర గ్రంథాలయాలు ఇక్కడ ఉన్నాయి. అచ్చు పుస్తకాల్లో అరుదుగా కనిపించే పండగలు, పిట్టలు, చేతిపనులు, భాషలు కూడా ఉన్నాయి. ఈ ఊళ్ల గురించి పిల్లలు చదవదగ్గ పుస్తకాలు తక్కువ. వాటిని పిల్లలే తయారు చేసి గ్రంథాలయం అరలోకి ఎక్కించడం ఆ కొరత తీర్చే దారుల్లో చవకైనది, తొందరగా ఫలితమిచ్చేది.

కదిలే పుస్తకాల చరిత్ర

కదిలే పుస్తకం మొదట పెద్దల కోసం పుట్టింది. 13వ శతాబ్దంలో ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్ మఠంలో మాథ్యూ పారిస్ అనే సన్యాసి తన చరిత్ర గ్రంథంలో తిరిగే కాగితపు చక్రం అమర్చాడు. పండగల తేదీలు లెక్కగట్టడానికి ఆ చక్రం పనికొచ్చేది. 1543లో శరీర శాస్త్రవేత్త వెసాలియస్ శరీర నిర్మాణాన్ని పొరలు పొరలుగా చూపించేందుకు కత్తిరించి అతికించుకునే బొమ్మలు అచ్చువేయించాడు. 1570లో లండన్‌లో హెన్రీ బిలింగ్స్‌లీ చేసిన యూక్లిడ్ రేఖాగణిత గ్రంథపు ఇంగ్లీషు అనువాదం వెలువడింది. అందులో ఘనాకృతుల భాగంలో కాగితపు ముక్కలు అతికించి ఉంటాయి. వాటిని వేలితో పైకి లేపితే పిరమిడ్లు నిలబడతాయి. పుట మీద లేచి నిలిచిన తొలి ఆకృతుల్లో కొన్ని రేఖాగణిత పాఠానికి చెందినవని దీన్నిబట్టి తెలుస్తుంది.

పిల్లల వైపు మళ్లింది 18వ శతాబ్దంలో. 1765 ప్రాంతంలో లండన్ ప్రచురణకర్త రాబర్ట్ సేయర్ ఒకే కాగితాన్ని మడిచి, పై రెక్క ఎత్తితే ఒక బొమ్మ, కింది రెక్క దించితే మరో బొమ్మ కనిపించే పుస్తకాలు అమ్మాడు. తర్వాతి శతాబ్దం నడుమ లండన్‌లోని డీన్ అండ్ సన్ సంస్థ ఈ తరహా పుస్తకాలను పెద్ద వ్యాపారంగా మార్చింది. వారికి దీటైన కళాకారుడు మ్యూనిక్‌కు చెందిన లోథర్ మెగెన్‌డార్ఫర్ (1847-1925). ఒక్క పట్టీ లాగితే చెయ్యి, కాలు, కన్ను వేర్వేరుగా కదిలేటట్టు అతడు పుట వెనక మీటలు దాచేవాడు. కీళ్ల దగ్గర సన్నని రాగి తీగ చుట్టలు వాడేవాడు. 1887లో వచ్చిన అతని సర్కస్ పుస్తకాన్ని విప్పితే సర్కస్ డేరా లోపలి వరుసలన్నీ కళ్ల ముందు పరుచుకుంటాయి.

మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీలో ఈ పరిశ్రమ దెబ్బతింది. 1929లో లండన్‌లో లూయీ జిరో పుస్తకాన్ని బల్లపరుపుగా తెరిచినప్పుడు నడిమి మడత మీద నిలబడి నాలుగు వైపుల నుంచీ కనిపించే బొమ్మలు తెచ్చాడు. 1932లో న్యూయార్క్‌లోని బ్లూ రిబన్ బుక్స్ సంస్థ ‘పాప్‌అప్’ అనే పేరును ప్రచారంలో పెట్టింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ప్రాగ్‌లో వోయ్‌తేక్ కుబాష్తా (1914-1992) గీసి మడిచిన పుస్తకాలు ఎన్నో భాషల్లోకి వెళ్లాయి. వాటిని చూసి ఉత్తేజం పొందిన అమెరికన్ వాల్డో హంట్ 1960ల నుంచి ఈ రంగాన్ని మళ్లీ లేవనెత్తాడు. 1979లో వచ్చిన జాన్ పియెంకోవ్‌స్కీ దెయ్యాల కొంప పుస్తకం ‘హాంటెడ్ హౌస్’కు బ్రిటన్‌లో పిల్లల పుస్తక చిత్రాలకు అప్పట్లో ఇచ్చే కేట్ గ్రీనవే పతకం దక్కింది. 1993లో అమెరికాలో కదిలే పుస్తకాల సంఘాన్ని స్థాపించిన ఆన్ మొంటనారో వృత్తిరీత్యా గ్రంథాలయాధికారి.

ఇంత చరిత్రలోనూ మారని సంగతి ఒకటుంది. బొమ్మలను అచ్చువేసేది యంత్రం, అచ్చులతో కోసేది యంత్రం. మడిచి అతికించే పని మాత్రం నేటికీ చేతులదే. అందుకే ప్రచురణకర్తలు ఆ పనిని కొలంబియా, సింగపూర్, చైనా, థాయ్‌లాండ్ వంటి దేశాలకు పంపుతూ వచ్చారు. పుస్తకం ధర అంత ఎక్కువగా ఉండటానికి కారణం అదే. బడిలో తయారు చేసుకున్నప్పుడు అంత చవకగా పూర్తి కావడానికీ కారణం అదే.

బడిలోకి వచ్చిన కాగితపు మడత

చిన్న పిల్లల చదువులో కాగితం మడతకు చోటిచ్చినవారిలో జర్మనీ విద్యావేత్త ఫ్రెడరిక్ ఫ్రోబెల్ (1782-1852) ముఖ్యుడు. అతని కిండర్‌గార్టెన్ పద్ధతిలో మడత, కోత, అల్లిక రోజువారీ పనులు. ఆ ప్రభావం మద్రాసుకూ చేరింది. కిండర్‌గార్టెన్ మడతలను చూసి టి. సుందరరావు రాసిన ‘జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్’ 1893లో మద్రాసులో అచ్చయింది. చతురస్రం, త్రిభుజం నుంచి శంకుచ్ఛేదాల దాకా చాలా సంగతులను కాగితం మడిచి ఎలా చూపించవచ్చో అందులో ఉంది. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ దాన్ని మెచ్చుకున్నాడు. 1901లో అమెరికాలో మళ్లీ అచ్చు వేశారు. ఆ కాలంలో శ్రీకాకుళం గంజాం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ, రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఉండేవి.

జపాన్ వాస్తుశిల్పి మసాహిరో చతాని 1980ల ఆరంభంలో ఒకే కార్డును కోసి మడిచి భవనాలు లేపే పద్ధతిని తీర్చిదిద్దాడు. జిగురు అక్కర్లేని ఆ పద్ధతే ఇప్పుడు చాలా శిబిరాల్లో మొదటి పాఠం. బ్రిటన్‌లో పాల్ జాన్సన్ దశాబ్దాల పాటు పిల్లల చేత సొంత పుస్తకాలు చేయించి, రాయడం నేర్పడానికి పుస్తక తయారీ ఎలా తోడ్పడుతుందో ఉపాధ్యాయుల కోసం పుస్తకాలు రాశాడు. ఖాళీ నోటు పుస్తకంలో వ్యాసం రాయమంటే తప్పించుకునే పిల్లలు, తాము మడిచిన పుట మీద బొమ్మ లేచాక దాని పక్కన నాలుగు వాక్యాలు రాయడానికి ముందుకొస్తారన్నది ఈ పద్ధతికి ఆధారం.

మన దేశంలో అరవింద్ గుప్తా చేసిన పని దీనికి దగ్గరది. అగ్గిపుల్లలు, పాత వార్తాపత్రికలు, సైకిల్ ట్యూబు ముక్కలతో ఆటబొమ్మలు చేయించి విజ్ఞానశాస్త్రం బోధించిన ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి. చెన్నైలోని తారా బుక్స్ చేతితో ముద్రించి, చేతితో కుట్టిన పుస్తకాలకు ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది. బెంగాల్ పటచిత్రకారుల చుట్టను మడతల పుస్తకంగా మార్చి ఆ సంస్థ తెచ్చిన ‘సునామీ’ (2009) ఈ కోవలోనిదే. బొమ్మను కదిలించి కథ చెప్పే అలవాటు తెలుగువారికి ఎప్పటినుంచో ఉంది. తోలుబొమ్మలాటలో చేతులు, తల దారపు ముడుల మీద తిరుగుతాయి. చేర్యాల నకాషీ పటంలో కథ వరుసవారీగా విప్పుకుంటుంది.

మడతల లెక్క

శిబిరంలో మొదట నేర్పేది పెట్టె మడత. కార్డును సగానికి మడిచి, మడత అంచు నుంచి లోపలికి సమాన పొడవులో రెండు సమాంతర కోతలు పెట్టాలి. మధ్య ముక్కను అటూ ఇటూ మడిచి, కార్డు తెరిచి లోపలికి నెడితే మెట్టులా నిలబడుతుంది. ఆ మెట్టు ముందు ఏ బొమ్మ అతికించినా లేచి నిలిచినట్టే. ఇందులో ఒక నియమం ఉంది: కోత పొడవు పుట వెడల్పులో సగం దాటకూడదు. ఎ4 కాగితాన్ని అడ్డంగా సగం చేస్తే పుట వెడల్పు 14.8 సెంటీమీటర్లు. కాబట్టి కోత 7 సెంటీమీటర్లలోపే ఉండాలి. అంతకు మించితే పుస్తకం మూసినప్పుడు మెట్టు కొస బయటికి పొడుచుకొస్తుంది. ఈ నియమాన్ని ముందుగా చెప్పకుండా, రెండు మూడు కొలతలతో పిల్లల చేతే చేయించి, ఏది బయటికొచ్చిందో, ఎందుకొచ్చిందో కనుక్కోమనే ఉపాధ్యాయులు మంచి గణిత పాఠం చెప్పినట్టే.

రెండోది ముక్కు మడత. నడిమి మడతకు అడ్డంగా ఒకే ఒక్క కోత పెట్టి, కోతకు పైన, కింద ఉన్న అంచులను త్రిభుజాలుగా మడిచి లోపలికి నెడితే పుట తెరిచినప్పుడల్లా నోరు తెరుచుకుంటుంది. పిట్ట, కప్ప, మొసలి, గుడి గంట కింద నిలబడి పాడే మనిషి, ఏదైనా చేయవచ్చు. ఆరేడేళ్ల పిల్లలకు ఇది వెంటనే పట్టుబడుతుంది.

మూడోది ఇంగ్లీషు ‘వి’ ఆకారపు మడత. విడిగా కత్తిరించిన బొమ్మను మధ్యలో మడిచి, దాని అడుగున ఉన్న అతుకు రెక్కలను నడిమి మడతకు అటొకటి, ఇటొకటి అంటించాలి. రెండు వైపులా కోణం సమానంగా ఉండాలి. ఒక డిగ్రీ రెండు డిగ్రీలు తేడా వస్తే బొమ్మ వంకరగా లేస్తుంది, ఇంకా ఎక్కువైతే పుస్తకం మూసుకోదు. చెట్టు, కోట గోడ, కొండ, తెరచాప దీనితో బాగా కుదురుతాయి. సౌష్ఠవం అన్న పాఠానికి ఇంతకన్నా స్పష్టమైన ప్రయోగం దొరకడం కష్టం.

నాలుగోది బల్ల మడత. పుటకు సమాంతరంగా ఒక పొర గాలిలో తేలినట్టు నిలబడాలంటే, దాని కింద నడిమి మడత దగ్గర ఒక కాలు, రెండు పక్కలా ఒక్కో కాలు కావాలి, మూడూ ఒకే ఎత్తులో. పక్క నుంచి చూస్తే సమాంతర చతుర్భుజం కనిపిస్తుంది. పుట మూసేకొద్దీ ఆ చతుర్భుజం నలిగి చదునవుతుంది. వంతెన, పందిరి, సంత వంటివి దీనితో కడతారు.

వీటికి తోడు లాగే పట్టీ, తిరిగే చక్రం, ఎత్తే రెక్క ఉంటాయి. పట్టీ బయటికి ఊడిపోకుండా లోపలి చివర అడ్డంగా ఒక ముక్క అతికిస్తారు. చక్రానికి ఇరుసుగా లోహపు పిన్ను బదులు తోలుబొమ్మల పద్ధతిలో దారపు ముడి వేస్తే చిన్న చేతులకు గుచ్చుకోదు, తుప్పు పట్టదు.

సామగ్రి

ఖర్చంతా కాగితం దగ్గరే. జిరాక్సు కాగితం సాధారణంగా చదరపు మీటరుకు 70-80 గ్రాములు ఉంటుంది. అభ్యాసానికి అది చాలు. అసలు పుటకు అంతకు రెట్టింపైనా బరువున్న డ్రాయింగు షీటు కావాలి. పెళ్లి శుభలేఖలు, పాత క్యాలెండర్లు, చొక్కాల అట్టలు ఇళ్లలో దొరికే మంచి ముడిసరుకు. శుభలేఖ కాగితం గట్టిగా ఉండి మడత నిలుపుకుంటుంది. పిల్లలను వారం ముందు నుంచే పోగుచేయమంటే శిబిరానికి సరిపడా వస్తాయి.

యంత్రం మీద తయారైన కాగితంలో నారలు ఎక్కువగా ఒక దిక్కుకు ఉంటాయి. ఆ దిక్కునే మడిస్తే మడత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే అంచు పగులుతుంది. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఎటు తేలిగ్గా వంగుతుందో చేతికే తెలుస్తుంది. మడిచే ముందు సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు పెట్టి గీత ఒత్తితే మందపాటి అట్ట కూడా తిన్నగా మడత పడుతుంది.

జిగురుకు ఫెవికాల్ చాలామంది వాడతారు. మైదాను నీళ్లలో కలిపి ఉడికించిన జిగురు ఇంకా చవక. పుస్తకాల బైండింగు చేసేవారు పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు. అది విషం కనుక పిల్లల చేతికిచ్చే జిగురులో కలపకూడదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆరడానికి ఎక్కువ సేపు పడుతుందని గుర్తుంచుకుని జిగురు పలచగా పూయించాలి. తడి ఆరకముందే పుస్తకం మూస్తే ఎదురు పుటకు అంటుకుపోతుంది. మొన మొద్దుగా ఉన్న కత్తెరలు పిల్లలకు, కట్టర్ పెద్దలకు మాత్రమే.

శిబిరం నడిచే తీరు

ఇరవై ముప్పై మంది పిల్లలు, నలుగురైదుగురికి ఒక బల్ల, రెండు బల్లలకొక సహాయకుడు ఉంటే శిబిరం సాఫీగా సాగుతుంది. మొదటి గంటలో కథ, బొమ్మ రెండూ పక్కన పెట్టి మడతలు మాత్రమే చేయిస్తారు. ప్రతి ఒక్కరి చేతిలోనూ ఒక పెట్టె, ఒక ముక్కు లేచేదాకా ఆగడం ముఖ్యం. తర్వాత పాత పాప్‌అప్ పుస్తకం ఒకటైనా తెరిచి, వెనక నుంచి, పక్క నుంచి చూపిస్తే ఎక్కడ అతికించారో వాళ్లే కనిపెడతారు.

రెండో దశ కథ. పాప్‌అప్ పుస్తకానికి నాలుగు నుంచి ఆరు పుటలు చాలు. ప్రతి పుటలో ఒక్క కదలిక, రెండు మూడు వాక్యాలు. ఏ సంఘటన దగ్గర బొమ్మ లేవాలి అన్న ప్రశ్న పిల్లలను కథ నిర్మాణం గురించి ఆలోచింపజేస్తుంది. పిల్లి గోడ దూకే చోట పట్టీ కావాలా, రెక్క కావాలా అని బల్ల చుట్టూ వాదన జరిగితే శిబిరం సరైన దారిలో ఉన్నట్టు. అసలు కాగితం మీదికి వెళ్లేముందు రఫ్ కాగితంతో చిన్న మచ్చు పుస్తకం చేయించాలి. ఈ దశను దాటేసే శిబిరాల్లో చివరి గంట అంతా ఊడబెరికి మళ్లీ అతికించడంతోనే గడిచిపోతుంది.

మూడో దశలో బొమ్మలు, రాత, అతుకులు. రాత ముందు పూర్తి చేసి అతుకులు చివర పెట్టాలి. లేచిన బొమ్మ ఉన్న పుట మీద తిన్నగా రాయడం పెద్దలకే కష్టం. చివరగా పుటల వెనక అంచులను ఒకదానికొకటి అతికించి, అట్ట వేసి, అట్ట మీద పేరు, రచయితల పేర్లు, ఊరు, తేదీ రాయిస్తారు. తన పేరు అట్ట మీద పడటం పిల్లలకు చిన్న విషయం కాదు. ఆ పేరుతోనే పుస్తకం అరలో ఉండాలి.

వయసును బట్టి పని మారుతుంది. ఒకటి, రెండు తరగతులకు ఎత్తే రెక్కలు, ముక్కు మడత. మూడు నుంచి ఐదు తరగతులకు పెట్టె, చక్రం. ఆరు ఆపైన ‘వి’ మడత, బల్ల, పట్టీ. కత్తెర పట్టడం ఇబ్బందయ్యే పిల్లలకు ముందే కోసిన ముక్కలివ్వాలి. చూపు లేని పిల్లలు ఉన్న తరగతిలో బొమ్మల మీద గుడ్డ, ఇసుక, దారం అతికించి వేలితో చదివే పుటలు చేయిస్తే, లేచే బొమ్మ వాళ్లకూ అందుతుంది. ఆకృతి చేతికి తగిలే పుస్తకం కావడం పాప్‌అప్‌కు ఉన్న అదనపు బలం.

ఉత్తరాంధ్రలో వేదికలు

ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమం తొలి అడుగులు ఈ పక్కనే పడ్డాయి. 1886లో విశాఖపట్నంలో వెలసిన సారస్వత నిలయం తొలి పౌర గ్రంథాలయాల్లో ఒకటి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన మహాసభతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం పోశారు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి. స్థానిక సంస్థలు వసూలు చేసే ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వీటికి ఆదాయం. జిల్లా కేంద్ర గ్రంథాలయం, శాఖా గ్రంథాలయాలు, గ్రామీణ గ్రంథాలయాలు దీని కిందే నడుస్తాయి.

ఈ గ్రంథాలయాల్లో పిల్లల పనులకు రెండు కాలాలు స్థిరంగా ఉన్నాయి. బడులు మూసిన వేసవిలో విజ్ఞాన శిబిరాలు జరుగుతాయి. పుస్తక పఠనం, కథలు చెప్పడం, చిత్రలేఖనం, కాగితపు బొమ్మలు వాటిలో భాగాలు. రెండోది నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. వేసవిలో నేర్చుకుని చేసిన పుస్తకాలను నవంబరులో బాలల దినోత్సవం నాడు ప్రదర్శనకు పెట్టే వీలు ఈ క్యాలెండరులోనే ఉంది. బడుల వైపు చూస్తే, 2020 నాటి జాతీయ విద్యావిధానం 6-8 తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేకుండా చేతిపనులు నేర్చుకునే అవకాశం ఇవ్వాలంది. అదే ఏడాది రాష్ట్రంలో మొదలైన ‘చదవడం మాకిష్టం’ కార్యక్రమం తరగతిలో చదివే సమయానికి, పుస్తకాల మూలకు చోటు చూపించింది.

శ్రీకాకుళంలోని కథానిలయం ఈ ప్రాంతపు గర్వకారణం. విశాఖలో బడిపంతులుగా పనిచేసిన కథారచయిత కాళీపట్నం రామారావు (1924-2021) తనకు 1995లో వచ్చిన కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి సొమ్ము పెట్టుబడిగా 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన కథలన్నీ ఒకచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. పాత పత్రికల ఒక్కో సంచికనూ వెతికి తెచ్చి చేర్చిన ఆ శ్రద్ధను పిల్లల చేతిరాత పుస్తకాలకూ చూపించదగ్గ ఊరు శ్రీకాకుళం. విజయనగరంలో గురజాడ అప్పారావు ఇల్లు స్మారకంగా నిలిచి ఉంది. ఆధునిక తెలుగు కథకు ఆద్యుడని పేరున్న రచయిత గడపలో పిల్లలు తమ తొలి పుస్తకానికి మచ్చు తయారు చేసుకోవడం సహజంగా అమరే సందర్భం.

పుటల్లోకి ఊరు

శిబిరంలో విషయం ఎంపికే సగం పని. ఊళ్లో చూసినదాన్ని ఎంచుకుంటే పిల్లలు బొమ్మలకు వేరే పుస్తకం వెతుక్కోరు.

విజయనగరం పిల్లలకు పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం ఉంది. విజయదశమి తర్వాతి మంగళవారం పొడవాటి మాను కొసన పూజారి కూర్చోగా, సిరిమాను గుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. దాని ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తవారి వల నడుస్తాయి. ఈ ఊరేగింపు, పొడవాటి కాగితాన్ని అటొకటి ఇటొకటిగా మడిచే గొలుసు మడతల పుస్తకానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కో మడత మీద ఒక్కో ఘట్టం వచ్చి, చివరి పుటలో దారపు ముడి మీద తిరిగే మాను పట్టీ లాగితే పైకి లేస్తుంది. మాను పొడవు, ముడి చోటు మార్చి చూస్తే మీట సూత్రం అక్కడే తెలుస్తుంది.

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ‘వి’ మడతతో చెట్టు, ముక్కు మడతతో గూడబాతు, ఎత్తే రెక్కల కింద గుడ్లు, పిల్లలు: ఒక్క ఊరి పిట్టలతోనే మూడు పద్ధతులు వచ్చేస్తాయి. అరసవల్లి సూర్యదేవాలయంలో ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ అక్టోబరులోనూ, ఉదయపు కిరణాలు మూలవిరాట్టును తాకుతాయి. పెట్టె మడతతో గర్భగుడి కట్టి, పసుపు పట్టీని ద్వారం గుండా లోపలికి నడిపిస్తే ఆ సంగతి పుట మీద జరుగుతుంది. సూర్యుడు ఉదయించే చోటు ఏడాది పొడవునా ఎలా జరుగుతుందో చెప్పే పాఠం దాని వెనకే వస్తుంది.

పొందూరు ఖద్దరుది ఇంకో రకం కథ. దూదిని శుభ్రం చేయడానికి అక్కడివారు వాలుగ చేప దవడను వాడతారు. కాయ నుంచి దూది, ఏకు, నూలు, మగ్గం మీది బట్ట దాకా దశలన్నీ గొలుసు మడతలో పెట్టి, రాట్నాన్ని తిరిగే చక్రంగా చేయవచ్చు. పుటలో ఒకచోట నిజమైన నూలు పోగు అతికిస్తే చదివేవారి వేలికి ఆ సన్నదనం తగులుతుంది. పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణకు రెక్కల పుస్తకం నప్పుతుంది: పై రెక్క ఎత్తితే తీగలు, దాని కిందిది ఎత్తితే మెట్లు, ఆ కింద తొలిచిన కుండ.

తీరప్రాంతపు పిల్లలకు తుపాను పుస్తకం అవసరం కూడా. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలు 1 నుంచి 11 దాకా ఉంటాయి. ఆ పదకొండు అంకెలతో ఒక చక్రం చేసి, ఒక్కో అంకె కిటికీలోకి వచ్చినప్పుడు దాని అర్థం, ఇంట్లో చేయాల్సిన పని కనిపించేటట్టు అమర్చితే, కథ పుస్తకమే ఇంటిల్లిపాదీ వాడుకునే వస్తువవుతుంది. మాథ్యూ పారిస్ చక్రం చేసిన పని కూడా ఇలాంటిదే.

ఇంటి మాటలు, సవర పుటలు

పిల్లలు తమ పుస్తకంలో ఏ తెలుగు రాయాలన్న ప్రశ్న ప్రతి శిబిరంలోనూ వస్తుంది. ఇంట్లో మాట్లాడే శ్రీకాకుళం తెలుగును పాత్రల సంభాషణల్లో అలాగే ఉంచితే కథకు ప్రాణం ఉంటుంది. వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి (1863-1940) పుట్టింది ఈ జిల్లాలోని పర్వతాలపేటలో. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లల కోసం వాచకాలు తయారు చేశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది.

సవరలు ఎక్కువగా ఉండే సీతంపేట కొండలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు అవి శ్రీకాకుళం జిల్లావి. బడికి వచ్చే సవర పిల్లలకు మాతృభాషలో మొదలుపెట్టి తెలుగులోకి నడిపించే బహుభాషా విద్య కోసం రాష్ట్రంలో తెలుగు లిపిలో సవర వాచకాలు తెచ్చారు. పొరుగున ఒడిశాలో ప్రథమ్ బుక్స్ ‘ఆదికహాని’ వరుసలో సౌర (సవర), కుయి, ముండా, జువాంగ్ భాషల్లో స్థానికులు చెప్పిన కథలతో పిల్లల పుస్తకాలు ప్రచురించింది. రెక్క పైన సవరలో, రెక్క కింద తెలుగులో రాసే పుస్తకం ఈ రెండు ప్రయత్నాలకూ కొనసాగింపు. రెక్క ఎత్తి చూసే ఆటలో రెండు భాషల మధ్య రాకపోకలు పిల్లలకు అలవాటవుతాయి.

సవరల గోడ చిత్రాల్లో ఎర్రమట్టి నేల మీద బియ్యపు పిండితో వేసిన తెల్లని మనుషులు, జంతువులు ఒక చట్రంలో ఒదిగి ఉంటాయి. వాటి పొందిక పాప్‌అప్ పుటకు బాగా అచ్చొస్తుంది. అయితే ఆ బొమ్మలు పూజకు సంబంధించినవి. వాటిని వాడేముందు ఊరి పెద్దలను అడిగి, ఏవి పుస్తకంలో వేయవచ్చో వారి ద్వారానే తెలుసుకోవాలి. బొమ్మలు వేసే పెద్దలనే శిబిరానికి పిలిచి గౌరవంగా గురువు స్థానంలో కూర్చోబెట్టడం ఇంకా మంచి పద్ధతి.

నిల్వ, వాడుక

పాప్‌అప్ పుస్తకం ఎక్కువ చేతులు మారితే చిరుగుతుంది. ఉత్తరాంధ్ర తేమలో కాగితం ఉబ్బి మడతలు వదులవుతాయి, మైదా జిగురుకు బూజు పట్టే ప్రమాదం ఉంది. గ్రంథాలయాల్లో వీటిని నిలువుగా కుక్కకుండా అడ్డంగా పెట్టడం, అతుకు రెక్కలను పైనుంచి మరో కాగితపు ముక్కతో బలపరచడం, శిబిరం నాడే ప్రతి పుటనూ తెరిచి ఫొటో తీసి ఉంచడం అవసరం. పాఠకుల చేతుల్లో చిరిగిన పుటలను బాగుచేయడానికి నెలకొక పూట పిల్లలనే పిలిస్తే, తయారు చేసినవారికే మరమ్మతు నైపుణ్యం వస్తుంది.

గ్రంథాలయ రిజిస్టరులో మిగతా పుస్తకాల్లాగే వీటికీ అక్సెషన్ నంబరు వేసి, రచయిత గడిలో పిల్లల పేర్లు రాసి, ఇంటికి ఇచ్చే పుస్తకాల్లో చేర్చితే శిబిరం ఫలితం ఊరికి చేరుతుంది. ప్రదర్శన ముగిసిన మర్నాడు గోడ మీది నుంచి దించి మూటగట్టిన పుస్తకాలను ఎవరూ చదవలేరు. ఒకే పుస్తకానికి ఎక్కువ ప్రతులు కావాలంటే, కోత గీతలు, మడత గీతలు వేసిన మూల పుటను జిరాక్సు తీసి, తరగతిలో అందరూ కోసి అతికించవచ్చు. కోతకు నిండు గీత, మడతకు చుక్కల గీత వాడటం ఈ పనిలో ప్రపంచమంతా పాటించే గుర్తులు. ఆ పద్ధతిలో భావనపాడు తీరపు పిల్లలు చేసిన తుపాను చక్రం సీతంపేట కొండ బడికి ఒక ప్రతి, అక్కడి పిల్లలు చేసిన సవర-తెలుగు రెక్కల పుస్తకం తీరానికి ఒక ప్రతి వెళ్లవచ్చు. రెండు బడుల మధ్య అందుకు కావలసింది ఒక పోస్టు కవరు, లోపల మూల పుటలు, ఎలా మడవాలో పిల్లలే రాసిన ఒక ఉత్తరం.